బోసి తాళంచెవి

మా మామయ్య తాళాలు తీస్తారు. మాట ఇక్కడితో ఆపితే వినేవాళ్ళు చేతిసంచీ దగ్గరికి లాక్కుంటారు కాబట్టి మిగతాది కూడా వెంటనే చెప్పేస్తాను. మా ఇంటి కింది భాగంలో తాళంచెవుల దుకాణం ఉంది. మా ఆయన పుట్టకముందు నుంచీ మామయ్య అక్కడే కూర్చుని తాళంచెవులు చేస్తున్నారు. ఇప్పుడు పక్కనే మా ఆయన కూడా కూర్చుంటున్నారు. ఎవరైనా తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం బయట నిలబడి కబురు పెడితే, మామయ్య సంచీ భుజాన వేసుకుని వెళ్తారు. పనిముట్లు బయటికి తీసే ముందు మాత్రం ఒక ప్రశ్న అడుగుతారు.

"తాళం ఎవరిది?"

జవాబు తేలేదాకా చెయ్యి వెయ్యరు. వానలో తడుస్తున్నవాళ్ళనీ అడుగుతారు, రోజూ పలకరించే పక్కింటివాళ్ళనీ అడుగుతారు. ఒకసారి మా అత్తయ్య స్నానాల గదిలో ఇరుక్కుపోతే, బయట నిలబడి అలవాటు కొద్దీ ఆవిణ్ణీ అదే అడిగారట. లోపల్నుంచి ఆవిడ ఇచ్చిన జవాబేమిటో మా ఆయన ఇప్పటికీ నాకు చెప్పడం లేదు.

పై అంతస్తులో వీధివైపు గది నాది. అందులో ఒక ఎంబ్రాయిడరీ మిషను, దాన్ని నడిపే కంప్యూటరు, ఒక కిటికీ, నేను ఉంటాం. అంతకుముందు నేను వేన్నీళ్ళ మిషన్లు అమ్మే కంపెనీలో ఫోన్లు ఎత్తేదాన్ని. చన్నీళ్ళు మీదపడ్డ జనమంతా పొద్దున్నించి సాయంత్రం దాకా నన్ను తిట్టేవారు. నాకసలే కోపం ఎక్కువ. దాన్ని రోజంతా మింగి, ఇంటికొచ్చి కక్కేదాన్ని. "ఈ పిల్ల ఇక్కడే సంపాదించుకుంటే మనందరికీ ప్రశాంతం" అని మామయ్యే మొదట అన్నారు. అని ఊరుకోలేదు, తన సామాను కిందికి దింపుకుని ఆ గది నాకు ఖాళీ చేసిచ్చారు. నేను జీతంలేని సెలవు పెట్టి, ఎవరో వాడి వదిలేసిన మిషను కంప్యూటరుతో సహా తెచ్చుకున్నాను.

ఆ సెలవు సోమవారంతో అయిపోతుంది. ఆ ముందు శనివారానికి ఒక కొత్త ఆస్పత్రికి తెల్లకోట్లు ఇవ్వాలి. ప్రతి కోటు జేబు మీదా రెండు ఆకులు, వాటి మధ్య ఒక అరచెయ్యి కుట్టాలి. టైముకి ఇస్తే ఏడాది పొడుగునా ఆస్పత్రి బట్టలన్నీ నాకే వస్తాయి. ఇవ్వలేకపోతే సోమవారం పొద్దున్న మళ్ళీ ఆ ఫోను, ఆ చన్నీళ్ళ జనం. సూపర్‌వైజరు అప్పటికే ఫోన్ చేసి "వస్తున్నారా, లేదా?" అని అడిగాడు. శనివారం చెప్తానన్నాను.

అలాంటి వారంలో డాంగిల్ మొరాయించింది.

డాంగిల్ అంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. చూడ్డానికి పెన్ డ్రైవ్‌లా ఉంటుంది. అది కంప్యూటరుకి గుచ్చి ఉంటేనే ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. తీసేస్తే "మీరెవరో నాకు తెలీదు" అన్నట్టు మూసుకుపోతుంది. కంప్యూటరుకి దాన్ని మొదటిసారి చూసిన రోజు మామయ్య చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు.

"దీనికి పళ్ళేవమ్మాయ్?"

"పళ్ళుండవు మామయ్యా. లోపల ఏదో నంబరు ఉంటుంది."

"బోసిదన్నమాట" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ అది బోసిది అయిపోయింది.

పళ్ళు లేకపోవడాన్ని ఆయన పెద్దమనసుతో క్షమించారు గానీ, పగలూ రాత్రీ అది కంప్యూటరుకే వేలాడటం మాత్రం తట్టుకోలేకపోయారు. "తాళంచెవిని తాళంలోనే వదిలేసి పడుకుంటారా ఎవరైనా? దొంగకి పీట వేసినట్టు!" అన్నారు. ఈ ఇంట్లో ఆ విషయంలో ఆయన మాటే చెల్లుతుంది. దుకాణం గోడకి మేకులు కొట్టిన పెద్ద చెక్క ఒకటి ఉంది. దానికి ఎడమవైపు మా ఇంటివి, అంటే వీధి తలుపు, బీరువా, అత్తయ్య పప్పుల అలమర తాళంచెవులు. కుడివైపు బయటివాళ్ళవి, ఒక్కోదానికి ఒక్కో కాగితం చీటీ కట్టి ఉంటుంది. బోసిదానికి ఎడమవైపు, వీధి తలుపు తాళంచెవి పక్కన మేకు దొరికింది. రోజూ సాయంత్రం అది కిందికి దిగి అక్కడ పడుకునేది. పొద్దున్నే మామయ్య ఒక చేత్తో నా టీ, ఒక చేత్తో దాన్ని పట్టుకుని పైకి వచ్చేవారు. మొదట్లో ఒకరోజు నేను దాన్ని గుచ్చుతూ, "అబ్బ, ఎంత బిగుసుగా ఉందో!" అన్నాను. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

మంగళవారం పొద్దున్న మొదటి కోటు బిగించి మిషను నడిపించాను. ఆకులు రెండూ చక్కగా వచ్చాయి. అరచెయ్యి సగమయ్యాక కంప్యూటరు టుంగుమంది, సాఫ్ట్‌వేరు మూసుకుపోయింది, సూది గాల్లో ఆగిపోయింది. కోటు మీద మూడువేళ్ళ చెయ్యి మిగిలింది. తీసి మళ్ళీ గుచ్చాను. ఇంకో కోటు, ఇంకో మూడువేళ్ళ చెయ్యి.

మా ఆయన పైకొచ్చి ఆ రెండు కోట్లూ పరీక్షగా చూశారు. "ఆపరేషన్లు చేసే ఆస్పత్రి కదా, వచ్చినవాళ్ళకి ముందే చెప్పేసినట్టు ఉంటుంది, బావుంది" అన్నారు.

"మీరు కిందికెళ్ళండి" అన్నాను. నా ముఖం చూసి, మెట్లు కూడా చప్పుడు చెయ్యకుండా దిగారు.

పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి మేం రీస్టార్ట్ అని పేరు పెట్టుకున్నాం. ఏ జబ్బుకైనా అతని మొదటి మందు అదే. మా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. బుధవారం వచ్చి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ రుద్దుకుని, "ముందొకసారి రీస్టార్ట్ చేద్దాం వదినా" అన్నాడు.

"నిన్నటినుంచి అదే చేస్తున్నాను మరిదీ."

"మీరు చెయ్యడం వేరు, నేను చెయ్యడం వేరు" అని చేశాడు. తేడా ఏమీ లేదు.

పాపం, నిజంగానే కష్టపడ్డాడు. కంప్యూటరు కరెంటు ఆదా చేసుకోవడానికి డాంగిల్ గుచ్చే పోర్టులని నిద్రపుచ్చుతుందట, ఆ సెట్టింగు తీసేశాడు. ముందువైపు పోర్టులో ఉన్నదాన్ని వెనకవైపు పోర్టులోకి మార్చాడు. విడిగా కరెంటు అందే హబ్ అనే పోర్టుల పెట్టె తెచ్చి దానికి గుచ్చాడు. ప్రతిసారీ కాసేపు పనిచేసింది. మధ్యాహ్నం దాటాక అయితే మరీ బుద్ధిగా పనిచేసింది. అతను కాలరు సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న మామయ్య టీ, బోసిదీ తెచ్చిచ్చారు, నేను గుచ్చాను, మళ్ళీ టుంగ్.

అత్తయ్యకి అనుమానం నా మీదే. "నువ్వు దాని వంక అలా కొరకొరా చూస్తుంటే అదెక్కడ పనిచేస్తుంది? నాకే భయమేస్తోంది" అంది.

గురువారం రీస్టార్ట్ సొంత లాప్‌టాప్ తెచ్చి, అందులో సాఫ్ట్‌వేరు ఎక్కించి, బోసిదాన్ని దానికి గుచ్చాడు. ఆకులొచ్చాయి. ఒక వేలు వచ్చింది. టుంగ్. ఇంకో పోర్టుకి మార్చాడు. అదీ అంతే. అతను వెనక్కి వాలి బుర్ర గోక్కున్నాడు.

"వదినా, కంప్యూటరు మారింది, పోర్టులు మారాయి, తీగలు మారాయి. మారనిది ఇదొక్కటే. బోసిది పోయినట్టే."

"కొత్తది తెప్పిద్దాం."

"ఆ కంపెనీని ఇంకో కంపెనీ మింగేసింది. పొద్దున్న ఫోన్ చేశాను. పాత తాళానికి కొత్త చెవి ఇవ్వరట. సాఫ్ట్‌వేరే కొత్తది కొనాలట, అదొచ్చేసరికి ఎంత లేదన్నా నెల."

శనివారం ఎల్లుండే. కుర్చీ వెనక గుట్టగా కోట్లు. చెవిలో అప్పుడే చన్నీళ్ళ జనం మాటలు వినపడుతున్నాయి. ఏమీ తోచక బోసిదాన్ని లాగేసి బల్ల మీద పడేశాను, ఒళ్ళో ఉన్న కోటు సర్దుకున్నాను. చూస్తే తెల్లటి జేబు మీద నల్లగా ఒక వేలిముద్ర.

కోపానికి దారి దొరికింది. మెట్ల మీదికి వెళ్ళి అరిచాను. "ఏవండీ! ఆ గ్రీజు చేతులతో నా కోట్లు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

మా ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపిస్తూ వచ్చారు. శుభ్రంగా ఉన్నాయి. నేను నా వేళ్ళు చూసుకున్నాను. నల్లగా ఉన్నవి నావే. ఈ గొడవకి అత్తయ్య కూడా వంటింట్లోంచి వచ్చి, కోటు లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మరకని బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇది గ్రీజు కాదు. గ్రీజైతే జిడ్డుంటుంది" అంది. "ఇది మీ మామయ్య జేబు."

"జేబేంటత్తయ్యా?"

"పెళ్ళైనప్పటి నుంచీ ఉతుకుతున్నాను, నాకు తెలీదా? ఆయన ప్రతి చొక్కాకీ ఎడమ జేబు మూల ఇదే నలుపు. ఎంత ఉతికినా పోదు. ఏమండోయ్, ఒకసారి పైకి రండి!"

మామయ్య వచ్చారు. అందరం ఆయన జేబు వంకే చూస్తున్నాం కాబట్టి ఆయనా చూసుకున్నారు. చూసుకుని, ఏదో బహుమతి ఇవ్వడానికి పిలిచినట్టు నవ్వి, జేబులోంచి చిన్న రేకుడబ్బీ తీశారు. మూత తీస్తే లోపల మెత్తటి నల్లటి పొడి.

"పెన్సిల్ ముల్లు నూరిన పొడి" అన్నారు. "బిగుసుకుపోయే తాళానికి నూనె వేస్తే దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. ఇది చిటికెడు వేస్తే చాలు, వెన్నలా తిరుగుతుంది. నా చేతిలోంచి వెళ్ళే ప్రతి తాళంచెవికీ వేసే ఇస్తాను. బోసిది బిగుసుగా ఉందని మొన్నెప్పుడో అంది కదా అమ్మాయి, అప్పటినుంచీ రోజూ పొద్దున్నే దీనికీ వేస్తున్నాను. ఈ వారం మరీ అవస్థ పడుతోందని రెండు చిటికెలు వేస్తున్నాను."

రీస్టార్ట్ కళ్ళు మూసుకున్నాడు. "బాబాయ్, ఆ పొడిలోంచి కరెంటు పారుతుంది."

"పారితే మంచిదేగా?"

"నాలుగు తీగల్లో విడివిడిగా పారాలి బాబాయ్. మీ పొడి పడితే నాలుగూ కలిసిపోతాయి. ఇది ఏ పోర్టులోకి వెళ్తే ఆ పోర్టుకి అంటిస్తోంది. అందుకే ఎక్కడ పెట్టినా..." అంటూ సగంలో ఆగి, తన లాప్‌టాప్ ఎత్తి పోర్టులోకి తొంగిచూశాడు. "అయ్యో! నాదాన్లో కూడా పోశారు!"

మా ఆయన గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. రీస్టార్ట్ కూడా కాసేపటికి నవ్వాడు. నవ్వనిది నేనొక్కదాన్నే. నా కోపానికి బ్రేకులు ఎప్పుడూ ఆలస్యంగా పడతాయి.

"మామయ్యా, అది నా తాళం" అన్నాను. "నన్నడక్కుండా దాని జోలికి రాకండి."

నవ్వులు ఆగిపోయాయి. మామయ్య డబ్బీ మూత పెట్టారు. అది సరిగ్గా కూర్చునేదాకా తిప్పి, జేబులో వేసుకున్నారు.

"నిజమేనమ్మాయ్. అడగాల్సింది" అని కిందికి వెళ్ళిపోయారు.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. జీవితమంతా "తాళం ఎవరిది" అని అడక్కుండా దేనిమీదా చెయ్యి వెయ్యని మనిషిని, ఇంకొకరి తాళం ముట్టుకున్నావని అన్నాను. తాళాలు తీసేవాళ్ళని అనగూడని మాట ఏదైనా ఉంటే అదొక్కటే. అయినా వెంటనే వెళ్ళి క్షమించమనలేదు. ఎదురుగా కోట్ల గుట్ట ఉంది, లోపల ఇంకా కొంచెం కోపం ఉంది. రెండూ అయ్యాక వెళ్దామనుకున్నాను.

రీస్టార్ట్ స్పిరిట్‌తో, పాత పళ్ళబ్రష్షుతో గంటసేపు కూర్చుని బోసిదానికి పళ్ళు తోమాడు. లేని పళ్ళు తోమడం ఇదే మొదటిసారి అన్నాడు. వెనకవైపు పోర్టులు కూడా శుభ్రం చేశాడు. గుచ్చాం. ఆకులు, అరచెయ్యి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు వేళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన చేతికే బోసిదాన్ని ఇచ్చి కిందికి పంపాను.

శుక్రవారం పొద్దున్న టీ అత్తయ్య తెచ్చింది. బోసిదాన్ని మా ఆయన తెచ్చారు, మెత్తటి గుడ్డలో చుట్టి.

"నాన్న ఇమ్మన్నారు" అన్నారు. "సబ్బుతో చేతులు కడుక్కుని మరీ చుట్టారు."

ఆ రోజంతా మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. గొడవకి ముందైతే మధ్యాహ్నం మామయ్య పైకొచ్చి, నా వెనక నిలబడి, ప్రతి కోటుకీ వేళ్ళు లెక్కపెట్టి "అయిదూ ఉన్నాయమ్మాయ్" అనేవారు. ఆ రోజు రాలేదు. భోజనం దగ్గర కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. అత్తయ్య నావైపు చూసింది, నేను పళ్ళెంలోకి చూసుకున్నాను. వారమంతా ఏ వేళ్ళ కోసం ఏడ్చానో అవన్నీ వరసగా వచ్చేస్తుంటే నాకేమీ సంతోషంగా లేదు.

శనివారం పొద్దున్నకి కొన్ని కోట్లే మిగిలాయి. మా ఆయన ఎవరిదో కారు తలుపు తియ్యడానికి వెళ్ళారు. టీ తాగి, బోసిదాన్ని తెచ్చుకుందామని నేనే దుకాణంలోకి దిగాను. మామయ్య బల్ల దగ్గర తలవంచుకుని ఇత్తడి చెవి ఒకటి ఆకురాయితో రాస్తున్నారు. నేను తిన్నగా చెక్క దగ్గరికి వెళ్ళాను. ఎడమవైపు వీధి తలుపుది ఉంది, బీరువాది ఉంది, పప్పుల అలమరది ఉంది. వీధి తలుపు పక్క మేకు ఖాళీగా ఉంది.

పోయిందేమో అనుకున్నాను. అప్పుడు కుడివైపు కనపడింది. ఎవరిదో గోదాము తాళంచెవికీ, ఎవరిదో సైకిలు తాళంచెవికీ మధ్య వేలాడుతోంది. బయటివాళ్ళందరి వాటికీ కట్టినట్టే దానికీ చీటీ కట్టి, మామయ్య గుండ్రటి అక్షరాలతో రాశారు.

"ఎంబ్రాయిడరీ మేడమ్, పై అంతస్తు."

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెక్కిరించడానికి రాశారో, బాధపడి రాశారో నాకిప్పటికీ తెలీదు. రెండూ అయ్యుంటాయి. ఒక్కటి మాత్రం తెలిసింది. నేను "నా తాళం" అన్నాను, ఆయన ఆ మాటని గౌరవించి నన్ను గోడకి అటువైపు పెట్టారు. నాకు అటువైపు ఉండాలని లేదు.

చీటీ తెంపి పిడికిట్లో నలిపాను. బోసిదాన్ని తీసుకెళ్ళి ఆయన బల్ల మీద, ఇత్తడి పొట్టు పక్కన పెట్టాను.

"మామయ్యా, పైన ఒక తాళం తియ్యాలి. వస్తారా?"

ఆకురాయి ఆగింది. ఆయన తల పైకెత్తి బోసిదాన్ని చూశారు, నన్ను చూశారు. లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, చాలక మళ్ళీ కుళాయి దగ్గరికెళ్ళి కడుక్కుని, బయటి పిలుపుకి వెళ్తున్నట్టే సంచీ భుజాన వేసుకున్నారు. మెట్లెక్కడానికి మామూలుకంటే ఎక్కువసేపే పట్టింది. ఆయన వెనక నేను.

ఆ కోట్లు మధ్యాహ్నానికి ఆస్పత్రికి చేరాయనీ, అక్కడి పెద్దనర్సు వేళ్ళు లెక్కపెట్టి మరీ సంతకం చేసిందనీ, సూపర్‌వైజరుకి నేను ఫోన్ చేసి ఇక రానని చెప్పాననీ ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నాకు ఆ శనివారం అనగానే గుర్తొచ్చేది అవేవీ కావు.

మామయ్య కంప్యూటరు ముందు నిలబడ్డారు. సంచీ నేల మీద పెట్టారు. బోసిదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పోర్టు దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆపి, నావైపు తిరక్కుండానే అడిగారు.

"తాళం ఎవరిదమ్మా?"

"మనది మామయ్యా" అన్నాను.

తాళంచెవి లోపలికి వెళ్ళింది, పచ్చలైటు వెలిగింది. మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"కొంచెం బిగుసుగానే ఉందమ్మాయ్" అన్నారు. చెయ్యి మెల్లగా ఎడమ జేబు వైపు వెళ్తోంది.

"మామయ్యా!" అని నేను పైన, "ఏమండోయ్!" అని అత్తయ్య కింద, ఇద్దరం ఒక్కసారే అరిచాం.